అమెరికా కంపెనీ, కావలి వర్క్‌షాపు: ఎయిర్‌పోర్ట్ లైట్ల స్తంభం ఇండియా మార్కెట్లోకి ఎట్టా వచ్చిందంటే

నెల్లూర్లో కూర్చుని ఏవియేషన్ కన్సల్టింగ్ ఏంది అని అడిగేవాళ్ళు చాలామంది ఉండారు. చెన్నై మూడు గంటల దూరం, హైదరాబాద్‌కి రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు, ఢిల్లీ వాళ్ళతో పని ఎట్టాగూ సగం ఫోన్లోనే నడుస్తుంది. నా పని ఏందంటే బయటి దేశాల కంపెనీలు మన ఎయిర్‌పోర్టులకి సామాను అమ్ముకోవాలనుకుంటే వాళ్ళకి దారి చూపించడం, రూల్స్ చెప్పడం, ఇక్కడ పార్ట్‌నర్‌ని వెతికిపెట్టడం. ఈ కేసు రాయడానికి కారణం, దీన్లో రెండు దేశాల మధ్య సహకారం అనే మాట నిజంగా ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు అనేది చాలా క్లియర్‌గా కనపడింది. ఈ లైన్‌లోకి వద్దామనుకునే మన కుర్రాళ్ళకి ఉపయోగపడుతుందని ఉన్నదున్నట్టు రాస్తున్నా. కంపెనీల పేర్లు రాయట్లేదు.

క్లయింట్ ఒక అమెరికా కంపెనీ, పెద్దదేం కాదు, ఒకే ఒక్క రకం సామాను మీద బతికే కంపెనీ. రన్‌వేకి ముందు వరసగా లైట్లు ఉంటాయి కదా, పైలట్‌కి రాత్రి పూట, మబ్బు పట్టినప్పుడు రన్‌వే ఎటుందో చూపించేవి, అప్రోచ్ లైట్లంటారు, ఆ లైట్లని మోసే స్తంభాలు వీళ్ళు చేస్తారు. కేటగిరీ వన్ రన్‌వే, అంటే పరికరాల సాయంతో దిగే రన్‌వేల్లో మొదటి స్థాయిది, అయితే ఆ లైట్ల వరస రన్‌వే మొదలు నుంచి 900 మీటర్ల దాకా పోతుంది, 300 మీటర్ల దగ్గర ఒక అడ్డ వరస కూడా ఉంటుంది. నేల సమానంగా ఉంటే చిన్న స్తంభాలు చాలు, కానీ అవతల చెరువో కాలవో పల్లమో వచ్చిందంటే స్తంభం ఎత్తు పెంచాల్సిందే, ఎందుకంటే లైట్లన్నీ పైలట్‌కి ఒకే లెవెల్లో కనపడాలి.

ఈ స్తంభం మామూలు స్తంభం కాదు. విమానం కాస్త కిందగా వచ్చి తగిలిందనుకోండి, స్తంభం విరిగిపోవాలి, విమానానికి ఏం కాకూడదు. ఐకావో, అంటే ప్రపంచ దేశాల పౌర విమానయాన సంస్థ, దాని మాన్యువల్‌లో లెక్క రాసి ఉంది, 3000 కేజీల విమానం గంటకి 140 కిలోమీటర్ల స్పీడ్‌లో తగిలితే దాని మీద పడే ఫోర్స్ 45 కిలోన్యూటన్లు దాటకూడదు, విమానానికి చేరే ఎనర్జీ 55 కిలోజౌల్స్ దాటకూడదు. సరే, విరిగిపోయేది చెయ్యడం ఎంతసేపు అనుకుంటాం, కానీ అదే స్తంభం తుఫాను గాలికి నిలబడాలి. కట్టడాలు ఎంత గాలికి తట్టుకోవాలో చెప్పే మన ఐఎస్ 875 కోడ్ తీసి చూస్తే నెల్లూరుకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు అని ఉంటుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. గాలికి విరగకూడదు, విమానానికి విరగాలి, ఈ రెండూ ఒకే స్తంభంలో ఉండాలి, ఈ కంపెనీకి ఉన్న విద్య మొత్తం ఇదే. ఫైబర్ గ్లాస్ గొట్టం, కింద ఒక విరిగే జాయింటు, ఆ జాయింటులో ఉంది అసలు రహస్యం అంతా.

వాళ్ళకి ఇండియా మీద కన్ను ఎందుకు పడిందో పెద్దగా చెప్పక్కర్లేదు. 2014లో మన దేశంలో నడుస్తున్న ఎయిర్‌పోర్టులు 74, పదేళ్ళలో అవి 157 అయినాయి. వాళ్ళు ఇక్కడికి వచ్చిన తర్వాత కూడా ఆ ఊపు తగ్గలా, 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకి, ఇండిగో 500 విమానాలకి ఆర్డర్లు పెట్టినాయి. చిన్న ఊళ్ళకి విమానాలు నడిపించే ఉడాన్ స్కీమ్ వచ్చాక పగలు మాత్రమే విమానం దిగే చిన్న చిన్న ఎయిర్‌పోర్టుల్లో రాత్రి కూడా దించాలి అనే మాట వచ్చింది, రాత్రి దించాలంటే లైట్లు కావాలి, లైట్లకి స్తంభాలు కావాలి. విమానాల ఆర్డర్లు పేపర్లో హెడ్‌లైన్ అయితాయి గానీ, చిన్న కంపెనీలకి అసలు వ్యాపారం ఇట్టాంటి కంటికి కనపడని సామాన్లలోనే ఉంది, ఇది నేను ప్రతి క్లయింట్‌కీ మొదట్లోనే చెప్తా.

వాళ్ళు నా దగ్గరికి వచ్చింది 2022లో, బేగంపేటలో వింగ్స్ ఇండియా అనే ఏవియేషన్ ఎగ్జిబిషన్ జరిగిన తర్వాత. అప్పటికే ఢిల్లీలో ఒక ఏజెంటు ఏఏఐలో, అంటే మన ఎయిర్‌పోర్టులు నడిపే ప్రభుత్వ సంస్థలో, నాకు అందరూ తెలుసు, మీరు రేటు పంపండి చాలు అని చెప్పి చాలా కాలం తిప్పి ఏమీ చెయ్యలేదు. వీళ్ళ చేతిలో రెండు కాగితాలు ఉండాయి, ఆ రెండు చూపించి మాకు దారి క్లియర్ గదా అన్నారు. ఒకటి ఏసీపీ, అంటే ఇండియా అమెరికా ఏవియేషన్ కోఆపరేషన్ ప్రోగ్రాం, 2007లో మొదలైంది, అమెరికా వైపు నుంచి యూఎస్‌టీడీఏ అనే వాణిజ్య సహాయ సంస్థ, ఎఫ్ఏఏ అనే విమానయాన నియంత్రణ సంస్థ, వాళ్ళ ప్రైవేటు కంపెనీలు, ఇటు మన పౌర విమానయాన శాఖ, ఏఏఐ, విమాన భద్రత చూసే డీజీసీఏ కలిసి పని చేసే ఏర్పాటు. రెండోది బాసా, ఏవియేషన్ సేఫ్టీ మీద రెండు దేశాలు 2011లో సంతకం పెట్టిన ఒప్పందం.

ఇక్కడ చాలా కంపెనీలు పడే తికమక ఒకటుంది. బాసా ఉంది కాబట్టి ఎఫ్ఏఏ ఓకే చేసిన ప్రతిదీ ఇండియాలో ఓకే అనుకుంటారు. కాదు. బాసా అనేది విమానానికి, విమానంలో బిగించే సామానుకి, వాటి ఎయిర్‌వర్దినెస్, అంటే ఎగరడానికి తగినవి అనే, అప్రూవల్స్‌కి సంబంధించింది. నేల మీద పాతే స్తంభం దాని కిందికి రాదు. వీళ్ళ సర్టిఫికెట్ ఎఫ్ఏఏ అడ్వైజరీ సర్క్యులర్ ప్రకారం థర్డ్ పార్టీ ల్యాబ్ ఇచ్చింది, మన టెండర్లో అడిగేది ఐకావో అనెక్స్ 14 అనే ఎయిర్‌పోర్టు ప్రమాణాలు, డీజీసీఏ రూల్స్. రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి కానీ ఒకటే కాదు, ఆ దగ్గరతనాన్ని ఎవరో ఒకరు కూర్చుని లైను లైనుగా చూపించాలి. ఆ టేబుల్ తయారు చెయ్యడమే నేను చేసిన మొదటి పని, ఒక వైపు ఎఫ్ఏఏ క్లాజు, ఇంకో వైపు ఐకావో పేరా, మూడో కాలమ్‌లో తేడా, నాలుగో కాలమ్‌లో ఆ తేడాకి మా దగ్గర ఉన్న టెస్టు రిపోర్టు. బోరు పని, కానీ ఈ కేసులో తర్వాత జరిగిన ప్రతి మంచికీ ఆ టేబులే కారణం.

ఇంకో పెద్ద గోడ కొనుగోలు రూల్స్. 2017 నాటి మేక్ ఇన్ ఇండియా ప్రిఫరెన్స్ ఆర్డర్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు కొనేటప్పుడు, లోకల్ కంటెంట్, అంటే సామాను ధరలో ఇక్కడ తయారైన వాటా, 50 శాతం ఆ పైన ఉంటే క్లాస్ వన్, 20 నుంచి 50 లోపు ఉంటే క్లాస్ టూ, 20 కంటే తక్కువైతే నాన్ లోకల్. 2020 నుంచి 200 కోట్ల లోపు కొనుగోళ్ళకి మామూలుగా గ్లోబల్ టెండర్ పిలవరు, నాన్ లోకల్ వాడు గ్లోబల్ టెండర్లో తప్ప బిడ్ వెయ్యలేడు. లైట్ల స్తంభాలకి 200 కోట్ల టెండర్ ఎక్కడొస్తుంది? అంటే అమెరికాలో చేసి కంటైనర్లో పంపి ఇక్కడ అమ్మే దారి ప్రభుత్వ ఎయిర్‌పోర్టుల వరకు మూసుకుపోయినట్టే. ఏసీపీ మీటింగుల్లో ఎన్నిసార్లు చేతులు కలిపినా ఈ గోడ కదలదు. ఇన్‌స్టలేషన్, ట్రాన్స్‌పోర్టు, ఇన్సూరెన్స్, ట్రైనింగ్ ఖర్చుల్ని లోకల్ కంటెంట్ కింద చూపించుకుందాం అని వాళ్ళ అకౌంటెంట్ ఒక ఐడియా వేశాడు, 2021 మార్చిలోనే కేంద్ర వాణిజ్య పరిశ్రమల శాఖలోని డీపీఐఐటీ అది కుదరదని క్లారిఫికేషన్ ఇచ్చింది, ఆ లెటర్ ముందు పెట్టాను. కాబట్టి సామాను నిజంగా ఇక్కడ తయారవ్వాల్సిందే.

మరి ఇక్కడ ఎవరు చేస్తారు? క్లయింట్ వాళ్ళు ఫైబర్ గ్లాస్ లాంటి కాంపోజిట్ సామాను చేసే బెంగుళూరు, పుణె పెద్ద కంపెనీల లిస్టు పట్టుకొచ్చారు. ఆ కంపెనీల్ని అడిగితే క్వాంటిటీ విని నవ్వినంత పని చేశారు, ఇంత చిన్న లాటుకి మేం లైను ఆపి మీ స్తంభాలు చెయ్యం అన్నారు. అప్పుడు నాకు తట్టింది మన కోస్తా. ఇక్కడ రొయ్య పిల్లల హేచరీలు ఎన్ని ఉండాయో అందరికీ తెలుసు, హేచరీకి ఫైబర్ ట్యాంకులు కావాలి, ఆ ట్యాంకులు చేసే వర్క్‌షాపులు నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్కన కనపడతానే ఉంటాయి. కావలి దగ్గర ఒకాయన ఉండాడు, అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు, ఆయన చేసిన ట్యాంకులు ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి పగలకుండా ఉండటం నేను కళ్ళారా చూశాను. ఫైబర్‌ని అతికే రెసిన్ పని చేతికి తెలిసిన మనిషి, ఎండకి అది గట్టిపడటానికి ఎంత హార్డనర్ వెయ్యాలి, చలికి ఎంత వెయ్యాలి అనేది కొలత లేకుండా చెప్పగలడు.

నేను పోయి విషయం చెప్తే ఆయన మొదట అన్న మాట ఇది. "అన్నా, ఇరగనీకుండా చెయ్యమంటే చేస్తా, ఇరిగేటట్టు చెయ్యమంటా ఉండావే, అదేం పనన్నా?" ఆ ప్రశ్నకి వీడియో చూపించాల్సొచ్చింది, కంపెనీ వాళ్ళు పంపిన ఇంపాక్ట్ టెస్టు వీడియో, విమానం రెక్క తగిలిన చోట స్తంభం ముక్కలై పక్కకి పడటం. ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ చూసి, గొట్టం గట్టిగానే ఉండాలి, ఇరగాల్సింది కింద జాయింటు దగ్గర, అంతేగా, అన్నాడు. ఇంజనీరింగ్ చదువుకున్న వాళ్ళకి నేను అరగంట చెప్పినా ఎక్కని పాయింట్ అది.

కానీ హేచరీ ట్యాంకుకీ ఈ గొట్టానికీ చాలా దూరం ఉంది. ట్యాంకు చేత్తో వేసే పని, మౌల్డ్ మీద జెల్‌కోట్, దాని మీద గ్లాస్ మ్యాట్, రెసిన్ పోసి రోలర్‌తో బుడగలు తీసుకుంటా లేయర్ మీద లేయర్. అట్టా చేస్తే గ్లాసు బరువులో మూడో వంతు దగ్గర్లో ఉంటుంది, మిగతాది రెసిన్, బరువెక్కువ, బలం చోటు చోటుకీ మారుతుంది. స్తంభానికి అట్టా కుదరదు, మీటరుకి ఇంత బరువు అని ఉంటే అంతే ఉండాలి, ఎందుకంటే విమానానికి తగిలేటప్పుడు స్తంభం బరువే దెబ్బ. అందుకని ఫిలమెంట్ వైండింగ్, తిరిగే ఇనప రాడ్డు మీద రెసిన్‌లో ముంచిన గ్లాసు దారాన్ని కోణం ప్రకారం, టైలర్ బాబిన్‌కి దారం చుట్టినట్టు చుట్టుకుంటా పోవాలి. మేస్త్రీ సెకండ్ హ్యాండ్ మెషిన్ ఒకటి తెప్పించాడు, దానికి అప్పు తీసుకున్నాడు, ఆ ధైర్యం ఆయనది, దాని గురించి నేను ఎక్కువ చెప్తే బాగోదు.

అమెరికా నుంచి వచ్చిన ఇంజనీరు ఇక్కడ పెట్టించిన ఒక టెస్టు గురించి మాత్రం చెప్పాలి. చేసిన గొట్టంలోంచి చిన్న ముక్క కోస్తారు, మంచి త్రాసు మీద తూస్తారు, మఫిల్ ఫర్నేస్ అనే మూసిన కొలిమిలో 565 డిగ్రీల దగ్గర కాలుస్తారు, రెసిన్ మొత్తం కాలిపోయి తెల్లగా గ్లాసు పోగులు మాత్రం మిగులుతాయి, మళ్ళీ తూస్తారు. ఎంత మిగిలిందో అంత గ్లాసు. మొదటి లాటులో ఒకే గొట్టం రెండు చివర్లకి తేడా వచ్చింది, ఎందుకని చూస్తే రెసిన్ తొట్టి ఒక చివరికొచ్చేసరికి చిక్కబడిపోతా ఉంది, మన ఎండకి. తొట్టి చిన్నది చేసి తరచుగా నింపడం మొదలుపెట్టారు, తేడా పోయింది. ఆ తర్వాత అక్టోబర్, నవంబర్‌లో వాయుగుండాలు మొదలైనాయి, గాలిలో తడికి గ్లాసు దారం చెమ్మ పట్టి రెసిన్ సరిగ్గా అతుక్కోలా. దారం ఉండలకి ఒక చిన్న గది కట్టి డీహ్యూమిడిఫైయర్ పెట్టాల్సొచ్చింది. అమెరికా వాళ్ళ మాన్యువల్‌లో ఇది లేదు, ఎందుకంటే వాళ్ళ ఫ్యాక్టరీ మొత్తం ఏసీ. ఇప్పుడు వాళ్ళ మాన్యువల్‌లో తీర ప్రాంతాలకి అని ఒక పేజీ పెరిగింది, అది కావలి నుంచి పోయిన పేజీ, దాని మీద నాకు చాలా గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంపాక్ట్ టెస్టు పాసైంది అమెరికాలో చేసిన గొట్టం. కావలిలో చుట్టిన గొట్టానికి ఆ రిపోర్టు వర్తిస్తుందా? కొనేవాళ్ళ తరఫు ఇంజనీరు ఈ ప్రశ్న వేశాడు, వెయ్యాలి కూడా, వెయ్యకపోతేనే తప్పు. ప్రతి ఫ్యాక్టరీకీ మళ్ళీ ఫుల్ స్కేల్ టెస్టు పెట్టాలంటే ఈ సైజు కంపెనీకి బిజినెస్సే ఉండదు. మా సమాధానం ఏందంటే, విరిగే జాయింటు మాత్రం అమెరికా నుంచే వస్తుంది, అది మారలేదు, గొట్టం విషయంలో మీటరు బరువు, వంగుడు, గ్లాసు శాతం ఒరిజినల్‌తో సమానంగా ఉన్నట్టు లాటు లాటుకీ రిపోర్టులు, దాని మీద కంప్యూటర్ సిమ్యులేషన్. ఐకావో మాన్యువల్ ఆరో భాగం ఫుల్ స్కేల్ టెస్టుతో పాటు సిమ్యులేషన్ పద్ధతి గురించి కూడా చెప్తుంది, ఆ చాప్టర్ తీసి ముందు పెట్టాం.

రెండు దేశాల సహకారం నిజంగా పనికొచ్చింది ఇక్కడే. ఏసీపీ కింద ఏళ్ళ తరబడి జరిగిన ట్రైనింగులు, వర్క్‌షాపులు బయటి నుంచి చూసేవాళ్ళకి ఫొటోలు, బొకేలు లాగా కనపడతాయి. కానీ అట్టాంటి ఒక టెక్నికల్ మీటింగులో మా క్లయింట్ ఇంజనీరు, ఇక్కడి ఇంజనీర్లు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఎఫ్ఏఏ సర్క్యులర్ ఎందుకు అట్టా రాశారు, ఏ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది అనేది మాట్లాడుకున్నారు. అప్పటిదాకా సర్టిఫికెట్ ఉందా లేదా అని నడిచిన మాట, ఆ రోజు నుంచి ఈ గొట్టం ఎట్టా ప్రవర్తిస్తుంది అనే మాటకి మారింది. 2014 జనవరిలో ఎఫ్ఏఏ మన దేశపు విమాన భద్రత పర్యవేక్షణ రేటింగుని కేటగిరీ టూకి దించింది (ఇది పైన చెప్పిన రన్‌వే కేటగిరీ కాదు), 2015 ఏప్రిల్‌లో మళ్ళీ కేటగిరీ వన్ వచ్చింది, ఆ మధ్య కాలంలో రెండు వైపులా వాళ్ళు ఎదురెదురుగా కూర్చుని చేసిన పని ఎంతో ఉంది, అట్టాంటి అలవాటు ఉన్న చోట నమ్మకం త్వరగా కుదురుతుంది. అందుకే నా క్లయింట్లకి గట్టిగా చెప్తా, ఈ మీటింగులకి సేల్స్ మేనేజర్ని కాదు, డ్రాయింగ్ మీద సంతకం పెట్టే మనిషిని పంపండి అని.

పార్ట్‌నర్‌షిప్ ఏ రూపంలో ఉండాలి అనే దాని మీద పెద్దగా గొడవ పడలేదు. తయారీలో 100 శాతం విదేశీ పెట్టుబడి ఆటోమేటిక్ రూట్లో కుదురుతుంది కానీ ఇంత చిన్న స్టార్టుకి జాయింట్ వెంచర్ బరువు. లైసెన్స్, దాని మీద టెక్నికల్ ఫీజు, అంతే. ఫీజు మీద ట్యాక్స్ విషయం మాత్రం జాగ్రత్తగా చూడాలి, 2023 నుంచి మన చట్టం ప్రకారం బయటి కంపెనీకి ఇచ్చే టెక్నికల్ ఫీజు మీద 20 శాతం, అదే ఇండియా అమెరికా ట్యాక్స్ ఒప్పందం వాడుకుంటే 15. దానికి వాళ్ళ దేశం నుంచి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తెప్పించాలి. ద్వైపాక్షిక ఒప్పందం అనగానే అందరూ ఏవియేషన్ ఒప్పందాలే వెతుకుతారు, మేస్త్రీ సైజు వ్యాపారానికి డబ్బు మిగిల్చింది మాత్రం ఈ ట్యాక్స్ ఒప్పందమే. మా ఆడిటర్ నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఉండే మామూలు సీఏ, ఆయన ఇది ఓపిగ్గా చేసిపెట్టాడు.

మొదటి ఆర్డర్ నేరుగా రాలేదు, ఒక దక్షిణాది ఎయిర్‌పోర్టులో లైటింగ్ పని తీసుకున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ కింద సబ్ సప్లైగా వచ్చింది. చిన్న ఆర్డరే. అక్కడ రన్‌వే అవతల పల్లం ఉంది, కొన్ని స్తంభాలు బాగా ఎత్తువి కావాల్సొచ్చినాయి. దాంట్లో ఒక సౌలభ్యం ఉంది, రన్‌వే మొదలు నుంచి 300 మీటర్లు దాటాక స్తంభం 12 మీటర్ల కంటే ఎత్తుంటే పై 12 మీటర్లు మాత్రమే విరిగేదిగా ఉంటే చాలు, కింద మామూలు స్టీలు కట్టడం పెట్టుకోవచ్చు. ఆ స్టీలు పని కూడా మేస్త్రీ బావమరిది షెడ్డులోనే చేయించాం, దాంతో లోకల్ శాతం ఇంకాస్త పెరిగింది. మొదటి స్తంభం నిలబెట్టిన రోజు సైట్ ఇంజనీరు దాన్ని చేత్తో ఊపి చూసి కాంట్రాక్టర్‌తో ఇది ఎక్కడిది అని అడిగితే, ఆయన కావలి అన్నాడు.

ఇప్పుడు పరిస్థితి ఏందంటే జాయింటు ఇంకా దిగుమతే, ఎత్తు తక్కువ స్తంభాల్లో జాయింటు ఖరీదే ఎక్కువ కాబట్టి అట్టాంటి టెండర్లలో మేం క్లాస్ టూ దగ్గరే ఆగిపోతున్నాం. క్లాస్ వన్ వాడికి ధరలో 20 శాతం మార్జిన్ దాకా ప్రిఫరెన్స్ ఉంది, మా రేటు తక్కువున్నా పని వాడికి పోయే అవకాశం ఉంటుంది. జాయింటు కూడా ఇక్కడ చెయ్యనియ్యండి అని నేను అడుగుతా ఉండా, వాళ్ళు వెనకాడతా ఉండారు, వాళ్ళ రహస్యం మొత్తం దాంట్లోనే ఉంది కాబట్టి ఆ భయం నాకు అర్థమవుతుంది. నేను పెట్టిన ప్రపోజల్ ఏందంటే, అలాయ్ కడ్డీ, హీట్ ట్రీట్‌మెంటు వాళ్ళ దగ్గరే ఉంచుకుని, మెషినింగ్ మాత్రం ఇక్కడ చేయించడం, ప్రతి లాటు నుంచి కొన్ని జాయింట్లు అమెరికా పంపి అక్కడ విరిచి చూడటం. మా జిల్లాలో దగదర్తి ఎయిర్‌పోర్టు మాట ఏళ్ళుగా నడుస్తా ఉంది, ఒంగోలుకీ అడుగుతున్నారు. అవి వచ్చే లోపల క్లాస్ వన్ కాకపోతే మన పక్కనే పాతే స్తంభం ఇంకెక్కడి నుంచో వస్తుంది. వాళ్ళ డిజైన్ హెడ్ వచ్చే నెల కావలి వస్తా ఉండాడు, మేస్త్రీ ట్రయల్ కోసం ఒక సీఎన్‌సీ లేత్ ఓనర్‌తో ఇప్పటికే మాట్లాడి పెట్టాడు.